డిసెంబరు 21 దాటినా పొద్దుపొడుపు ఇంకా వెనక్కే జరుగుతున్నదెందుకు?

ప్రశ్న: బరంపురం ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను గంజాం జిల్లా బరంపురంలో తొమ్మిదో తరగతి పిల్లలకు సామాన్యశాస్త్రం చెబుతాను. డిసెంబరు 21న గాని 22న గాని పగలు అతి తక్కువగా ఉంటుందని, ఆ మరునాటి నుండి పగలు పెరుగుతూ వస్తుందని పాఠంలో ఉన్నది. నేనూ ఏటేటా అదే చెబుతూ వచ్చాను. ఈసారి మాత్రం కార్తికమాసం నుండి పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో ప్రతిరోజూ సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు రాయిస్తున్నాను. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో మేడ ఎక్కి చూసి రాశారు, మంచు కమ్మిన రోజుల్లో ఫోనులో చూసి రాశారు. మొన్న ఆ పేజీలన్నీ వరుసగా పెట్టి చూసినప్పుడు నేను చెప్పిన పాఠానికీ పిల్లలు రాసిన వేళలకూ పొత్తు కుదరలేదు.

నవంబరు 25న ఉదయం 6.04కు పొద్దు పొడిచి సాయంత్రం 5.11కు గుంకింది. డిసెంబరు 21న ఆ వేళలు 6.20, 5.18. జనవరి 1న పొద్దుపొడుపు 6.24కు వచ్చింది. సంక్రాంతి నాటికి ఉదయం 6.27, సాయంత్రం 5.32 అయింది. అంటే అతి చిన్న పగలు రాకముందే సాయంత్రాలు పెరగడం మొదలయింది, ఆ పగలు దాటిపోయి మూడు వారాలయినా ఉదయాలు ఇంకా ఆలస్యమవుతూనే ఉన్నాయి. పగలు పెరుగుతున్నదంటే పొద్దు ముందుగా పొడవాలి, ఆలస్యంగా గుంకాలి కదా అని ఒక అమ్మాయి లేచి అడిగితే, రేపు చెబుతానని కూర్చోబెట్టాను. ఆ రేపు వచ్చి ఇప్పటికి నాలుగు రోజులయింది. పిల్లకు తప్పు చెప్పడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను.

మరి రెండు సంగతులు కూడా దీనితో ముడిపడి ఉన్నాయేమోనని రాస్తున్నాను. మా చిన్నమ్మగారు గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉంటారు. చలికాలంలో ఆరున్నరకు ఫోను చేస్తే మాకు మేడ మీద ఎండ పడుతూ ఉంటుంది, ఆమె ఇంకా పొద్దు రాలేదమ్మా అంటారు. ఇది తూర్పు పడమరల తేడా అని నాకు తెలుసు గాని, కచ్చితంగా ఎన్ని నిమిషాలు ఉండాలో లెక్క కట్టడం ఎలాగో పిల్లలకు చూపించాలని ఉన్నది. రెండోది, ఆదివారం గోపాలపురం సముద్రతీరానికి పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు నీటి మీదికి వచ్చిన సూర్యబింబం గుండ్రంగా లేదు, పైనుండి కిందికి నొక్కినట్లు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నది. కాస్త పైకి రాగానే గుండ్రమయింది. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: జయపురం శంకుచ్ఛాయ

టీచరుగారూ, మీ పాఠమూ సరైనదే, పిల్లల నోటుపుస్తకమూ సరైనదే. రెండింటికీ పొత్తు కుదరకపోవడానికి కారణం, మనలో చాలామందిమి అనుకోకుండానే మనసులో పెట్టుకున్న ఒక ఊహ. సూర్యుడు నడినెత్తిన దక్షిణోత్తర రేఖను దాటే క్షణం, అంటే నిజమైన మిట్టమధ్యాహ్నం, గడియారంలో ప్రతిరోజూ ఒకే వేళకు వస్తుందని మనం అనుకుంటాము. అలా రాదు. మీ దగ్గర ఉన్న అంకెలతోనే దీన్ని చూడవచ్చును.

సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ సరిగ్గా నడుమ ఉన్న వేళను కట్టండి. నవంబరు 25న అది 11 గంటల 38 నిమిషాల దగ్గర పడుతుంది. డిసెంబరు 21న 11.49. సంక్రాంతి నాడు దాదాపు 12.00. యాభై రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఇరవై రెండు నిమిషాలు వెనక్కు జరిగింది. ఇప్పుడు డిసెంబరు 21 నుండి సంక్రాంతి వరకు మాత్రమే తీసుకోండి. పగలు 10 గంటల 58 నిమిషాల నుండి 11 గంటల 5 నిమిషాలకు పెరిగింది. ఆ ఏడు నిమిషాల్లో సగం, అంటే మూడున్నర నిమిషాలు, ఉదయం ముందుకు రావాలి, తక్కిన సగం సాయంత్రం వెనక్కు పోవాలి. కాని అదే సమయంలో పగలు మొత్తం పదకొండు నిమిషాల దాకా సాయంత్రం వైపుకు జరిగిపోయింది. చాపను రెండు పక్కలా కొద్దికొద్దిగా విప్పుతూనే చాప మొత్తాన్ని ఒక పక్కకు లాగుతున్నామనుకోండి. లాగుడు ఎక్కువ, విప్పుడు తక్కువ అయినంతకాలం రెండు అంచులూ ఒకే పక్కకు కదులుతాయి. అందుకే ఉదయం ఏడు నిమిషాలు ఆలస్యమయింది, సాయంత్రం పద్నాలుగు నిమిషాలు ఆలస్యమయింది. మీ అమ్మాయికి ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూపిస్తే చాలు, ఇంతకంటె మంచి రుజువు ఏ పుస్తకంలోనూ దొరకదు.

మరి మిట్టమధ్యాహ్నం ఎందుకు జరుగుతుంది? అసలు విషయం ఇక్కడే ఉన్నది కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. భూమి తన చుట్టూ తాను ఒక పూర్తి చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఆ లోపల అది సూర్యుని చుట్టూ తన కక్ష్యలో ఇంచుమించు ఒక డిగ్రీ ముందుకు సాగి ఉంటుంది గనుక, మన ఊరు మళ్ళీ సూర్యునికి ఎదురుగా రావాలంటే మరో నాలుగు నిమిషాల పాటు తిరగాలి. ఈ అదనపు తిరుగుడు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. దాన్ని సగటు కట్టగా వచ్చినదే మన గడియారపు 24 గంటల రోజు. డిసెంబరు చివర ఈ అదనం సగటు కంటె ఎక్కువగా ఉంటుంది, దానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, భూకక్ష్య కొద్దిగా కోలగా ఉండడం. జనవరి 3 ప్రాంతంలో భూమి సూర్యునికి అతి దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై 4 ప్రాంతంలో ఆ దూరం 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు భూమి సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతోనూ, దూరంగా ఉన్నప్పుడు 29.3 కిలోమీటర్ల వేగంతోనూ నడుస్తుంది. వేగంగా నడిచిన రోజుల్లో సూర్యునికి ఎదురుగా రావడానికి తిరగవలసినదీ ఎక్కువే. దీనివల్ల జనవరి మొదట్లో రోజుకు ఎనిమిది సెకన్ల దాకా ఎక్కువ పడుతుంది.

రెండోది, ఇంతకంటె పెద్దది, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండడం. గుమ్మడికాయను చూడండి. దాని మీది గాడులు నడుము దగ్గర ఎడంగానూ, తొడిమ వైపు పోయేకొద్దీ దగ్గరగానూ ఉంటాయి. నడుముకు దూరంగా ఒక చీమ అడ్డంగా నడిస్తే, నడుము మీద నడిచిన చీమ కంటె అదే దూరంలో ఎక్కువ గాడులను దాటుతుంది. ఆకాశంలో విషువద్వృత్తం, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే వృత్తం, గుమ్మడికాయ నడుము. డిసెంబరు చివర, జూన్ చివర సూర్యుడు దానికి 23.4 డిగ్రీల దూరంలో, దానికి సమాంతరంగా నడుస్తాడు. రోజుకు ఒక డిగ్రీ నడిచినా గాడుల లెక్కలో సుమారు తొమ్మిది శాతం ఎక్కువ దాటినట్లవుతుంది. నాలుగు నిమిషాల్లో తొమ్మిది శాతం అంటే ఇరవై ఒక్క సెకన్లు.

రెండూ కలిపితే దాదాపు ముప్పై సెకన్లు. డిసెంబరు చివరి వారంలో ఒక మిట్టమధ్యాహ్నం నుండి మరో మిట్టమధ్యాహ్నానికి 24 గంటల ముప్పై సెకన్లు పడుతుందన్న మాట. ఆ వారంలో పగలు నిడివి దాదాపు మారదు గనుక ఉదయమూ, సాయంత్రమూ రోజుకు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతాయి. జనవరి గడిచేకొద్దీ పగలు పెరిగే వేగం హెచ్చుతుంది, మధ్యాహ్నం జరిగే వేగం తగ్గుతుంది. బరంపురంలో ఈ రెండూ సరితూగేది జనవరి 18 ప్రాంతంలో. అక్కడి నుండి మీ ఉదయాలు ముందుకు రావడం మొదలవుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ పగలు మార్పు జోరుగా ఉంటుంది కాబట్టి ఈ మలుపు ముందే వస్తుంది. లండనులో డిసెంబరు ఆఖరి రోజుల్లోనే వచ్చేస్తుంది. మన దగ్గర నాలుగు వారాల తేడా కొట్టవచ్చినట్లు కనబడుతున్నా మన పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మేము కోరాపుట్ జిల్లావాళ్ళం దీన్ని చూడడానికి ఒక విధంగా అదృష్టవంతులం. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 కళల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ) రేఖాంశం మీర్జాపూర్ పక్కగా దిగి, మా జయపురానికి కొద్ది కిలోమీటర్ల పడమరగా వెళ్ళి, తుని దాపున సముద్రంలో కలుస్తుంది. అందువల్ల మా ఊళ్లో గడియారానికీ సూర్యునికీ మధ్య తేడా అంటే దాదాపు పూర్తిగా ఈ కారణాల వల్ల వచ్చిన తేడాయే. మీటరు పొడవున్న ఒక ఇనుప కడ్డీని తూకపు గుండు వేలాడదీసి నిలువుగా పాతి, దాని నీడ అతి పొట్టిగా ఉండే వేళను నేను రాసుకుంటూ ఉంటాను. నవంబరు 3 ప్రాంతంలో అది 11.43కే వచ్చేస్తుంది. ఫిబ్రవరి 11 ప్రాంతంలో 12.14 దాకా రాదు. డిసెంబరు 21న ఆ నీడ 91 సెంటీమీటర్లు; జూన్ 21న సూర్యుడు మా నెత్తికి ఉత్తరంగా దాటుతాడు గనుక ఎనిమిది సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది. మీ బడి ఆవరణలో అటువంటి కడ్డీ ఒకటి పాతించండి.

సమాధానం 2: పర్లాకిమిడి పంచాంగ పాఠకుడు

జయపురం వారు చెప్పిన రెండు కారణాలకూ మన గణితంలో పాత పేర్లు ఉన్నాయని ఉపాధ్యాయినిగారికి తెలియజేయాలనిపించింది. పంచాంగం కట్టేవారు సూర్యోదయాన్ని ఒక ఊరికి సరిదిద్దేటప్పుడు నాలుగు సంస్కారాలు, అంటే సవరణలు, చేస్తారు. ఊరు తూర్పుగా ఉన్నదా పడమరగా ఉన్నదా అన్నదానికి దేశాంతరం. ఆ ఊరి అక్షాంశాన్నీ సూర్యుని క్రాంతినీ (విషువద్వృత్తం నుండి సూర్యుడు ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడన్నదాన్నీ) బట్టి పగలు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదానికి చరం. సూర్యగతి ఒకప్పుడు వేగంగా, ఒకప్పుడు నెమ్మదిగా ఉండడం వల్ల వచ్చే తేడాకు భుజాంతరం. సూర్యుని దారి విషువద్వృత్తానికి వాలుగా ఉండడం వల్ల వచ్చే తేడాకు ఉదయాంతరం. చాప విప్పడం అన్నది చరం, చాప లాగడం అన్నది భుజాంతర ఉదయాంతరాల మొత్తం, సిరొంచ చిన్నమ్మగారి సంగతి దేశాంతరం. భుజాంతర, ఉదయాంతర సంస్కారాలను కలిపి నేటి ఖగోళశాస్త్రంలో కాల సమీకరణం అంటున్నారు. ఈ మాటలు తెలుగు పిల్లలకు తెలియకుండా పోవడం నాకు నచ్చదు. ఇవి పూజకు సంబంధించిన మాటలు కావు, శుద్ధ గణితపు మాటలు.

ఇక సంక్రాంతి గురించి ఒక హెచ్చరిక. బరంపురంలో ఉదయాలు మలుపు తిరిగేది జనవరి 18 ప్రాంతంలో గనుక, సంక్రాంతితోనే పొద్దు మారుతుందన్న పెద్దల మాటకు ఇది రుజువని పిల్లలు అనుకోవచ్చును. రెండూ దగ్గరగా పడడం కాకతాళీయం. సూర్యుడు దక్షిణపు కొసను తాకి ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. మకర సంక్రాంతి నక్షత్రాలను బట్టి లెక్కించే పండుగ. భూమి అక్షం బొంగరంలాగ నెమ్మదిగా తిరగడం వల్ల, సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున ఈ రెండూ ఎడమవుతూ వచ్చాయి. దాదాపు 1,700 ఏళ్ళ క్రితం సంక్రాంతీ, సూర్యుని మళ్ళింపూ ఒకే రోజున పడేవి. పండుగ తన లెక్క ప్రకారం తాను ఉన్నది, సూర్యుడు తన దారిన తాను ఉన్నాడు. పిల్లలకు ఈ రెండు లెక్కలనూ విడివిడిగా చెప్పాలి గాని ఒకదాన్ని మరొకదానికి అతికించకూడదు.

మన ఒడిశాలోనే ఖండపడాలో 1835లో పుట్టిన సామంత చంద్రశేఖరులు, పఠాణి సామంతులని జనం పిలుచుకునేవారు, దుర్భిణి లేకుండా వెదురుతోనూ కర్రతోనూ చేసుకున్న సాధనాలతో సూర్యచంద్ర గ్రహగతులను కొలిచి, పాత సిద్ధాంతాల్లోని అంకెలను సరిదిద్దారు. ఆయన గ్రంథం 1899లో అచ్చయింది. గ్రహాలు సూర్యుని చుట్టూ తిరుగుతాయని, సూర్యుడు మాత్రం భూమి చుట్టూ తిరుగుతాడని ఆయన నమ్మారు. ఆ నమ్మకం నిలవలేదు గాని కొలతలు నిలిచాయి. మీ పిల్లలు నోటుపుస్తకంలో వేళలు రాయడం అదే పని, అందుకే ఇంత పొడుగున రాశాను.

ఇంకొక మాట. ఎత్తు కూడా సూర్యోదయాన్ని మారుస్తుంది. మా గజపతి జిల్లా మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు ఉంటుంది. శివరాత్రికి కొండ ఎక్కినవారికి, తూర్పున సముద్రం మీద ఆకాశం తేటగా ఉన్నట్లయితే, దిగంతం కంటికి ఒక డిగ్రీకి పైగా కిందికి దిగి కనిపిస్తుంది. ఆ కారణంగా కింద సముద్రపు ఒడ్డున ఉన్నవారికంటె దాదాపు ఐదు నిమిషాలు ముందుగా సూర్యుడు వారికి కనబడతాడు.

బరంపురం ఉపాధ్యాయిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు నడిమి వేళల లెక్క పిల్లలచేతనే వేయించాను. ప్రశ్న అడిగిన అమ్మాయి 11.38, 11.49, 12.00 అని తానే మూడు అంకెలూ రాసి, తరగతిని ఒకసారి చూసి కూర్చున్నది. వెంటనే మరో అబ్బాయి లేచి, జూన్‌లో కూడా ఇలాగే జరగాలి కదా, సూర్యుడు అప్పుడూ గుమ్మడికాయ నడుముకు దూరంగానే ఉంటాడు కదా అన్నాడు. మన ఊళ్లో జూన్‌లో ఆ తేడా ఎవరికీ తెలియకపోవడానికి కారణం చెప్పగలరా?

జయపురం శంకుచ్ఛాయ

ఆ అబ్బాయి సరైన చోట పట్టుకున్నాడు. జూన్‌లోనూ జరుగుతుంది, అయితే సగం కంటె తక్కువ జోరుతో. అక్షం వంపు వల్ల వచ్చే ఇరవై ఒక్క సెకన్లు జూన్‌లోనూ కూడికగానే ఉంటాయి. కాని జూలై మొదట్లో భూమి సూర్యునికి దూరంగా ఉండి నెమ్మదిగా నడుస్తుంది గనుక ఆ ఎనిమిది సెకన్లు అప్పుడు తీసివేతలోకి వస్తాయి. మిగిలేది రోజుకు పదమూడు సెకన్లు. దాని ఫలితంగా బరంపురంలో అన్నిటికంటె తొందరగా పొద్దు పొడిచేది జూన్ 5 ప్రాంతంలో, 5.12కు, జూన్ 21 నాటికి 5.14. అన్నిటికంటె ఆలస్యంగా గుంకేది జూలై 5 ప్రాంతంలో. రెండు నిమిషాల తేడాను తొలకరి మబ్బుల్లో కంటితో పట్టుకోవడం కష్టం. భూమి జూలైలో దూరంగా ఉండి కూడా మనకు వేసవి, వానలు అప్పుడే రావడం దూరం వల్ల కాదు, అక్షం వంపు వల్లనేనన్న సంగతి కూడా ఇదే పాఠంలో చెప్పడానికి వీలుంటుంది.

సమాధానం 3: సిరొంచ ప్రాణహిత ఒడ్డు

టీచరుగారూ, నేను మీ చిన్నమ్మగారి ఊరివాణ్ణే. మా ఊరు 80 డిగ్రీల రేఖాంశానికి ఆనుకుని ఉన్నది, మీ బరంపురం 84.8 డిగ్రీల దగ్గర ఉన్నది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు, 4.8ను నాలుగుతో హెచ్చవేస్తే పందొమ్మిది నిమిషాలు. మరో విధంగానూ చూపించవచ్చును: మన అక్షాంశం మీద నేల తూర్పు వైపుకు సెకనుకు సుమారు 440 మీటర్ల వేగంతో పోతున్నది, మన రెండు ఊళ్ళ మధ్య తూర్పు పడమరల దూరం ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. మీరు పొద్దును చూసిన చోటికి మా ఊరు చేరడానికి ఆ పందొమ్మిది నిమిషాలూ పడుతుంది. అయితే మేము మీకంటె అర డిగ్రీ దక్షిణంగా ఉన్నాము. చలికాలంలో దక్షిణపు ఊళ్ళకు పగలు కొంచెం ఎక్కువ గనుక డిసెంబరులో తేడా పద్దెనిమిది నిమిషాలే ఉంటుంది, జూన్‌లో ఇరవై అవుతుంది. పర్లాకిమిడి వారు చెప్పిన చరం ఇక్కడ దేశాంతరంలో వేలు పెట్టిందన్న మాట. నాందేడ్ జిల్లా దెగ్లూరులో ఉన్న తెలుగువారికైతే మీకంటె ఇరవై తొమ్మిది నిమిషాల దాకా ఆలస్యం. గడియారం మాత్రం అందరికీ ఒకటే.

గోపాలపురంలో మీరు చూసిన కోడిగుడ్డు సూర్యుని గురించి. ఇందులో చాలామందికి నమ్మశక్యం కాని సంగతి ఒకటి ఉన్నది. సూర్యబింబం వెడల్పు ఆకాశంలో సుమారు 32 కళలు, అంటే అర డిగ్రీకి కొంచెం పైన. దిగంతం దగ్గర గాలి వెలుగును వంచి వస్తువులను సుమారు 34 కళలు పైకి ఎత్తి చూపిస్తుంది. ఈ ఎత్తుడు బింబపు వెడల్పు కంటె ఎక్కువ. కాబట్టి బింబం అడుగు అంచు నీటిని అప్పుడే వదులుతున్నట్లు మీకు కనిపించిన క్షణంలో, నడుమ గాలి లేకపోతే, సూర్యుడు మొత్తంగా ఇంకా సముద్రానికి కిందనే ఉన్నాడు. ఒక చెంబు అడుగున రూపాయి బిళ్ళ వేసి, అంచు చాటున అది కనబడకుండా పోయేంత వరకు పిల్లవాణ్ణి వెనక్కు నడిపించి, కదలకుండా నిలబెట్టి చెంబులో నీళ్ళు పోయండి. బిళ్ళ లేచి వచ్చినట్లు కనబడుతుంది. బిళ్ళ లేవలేదు, వెలుగు వంగింది. సూర్యోదయంలో నీటి పని గాలి చేస్తుంది.

ఇప్పుడు ఆకారం. గాలి వంచే వంపు దిగంతానికి దగ్గరయ్యేకొద్దీ గబగబా పెరుగుతుంది. అడుగు అంచును 34 కళలు ఎత్తితే, అర డిగ్రీ పైన ఉన్న పై అంచును 28 కళలు మాత్రమే ఎత్తుతుంది. అడుగు ఎక్కువగా లేచి, పై భాగం తక్కువగా లేవడంతో బింబం నిలువునా ఐదారు కళలు తగ్గుతుంది, అడ్డంగా తగ్గదు. అందుకే నొక్కినట్లు కనబడుతుంది. కొన్ని డిగ్రీలు పైకి వచ్చాక రెండు అంచులకూ వంపు దాదాపు సమానమవుతుంది కనుక గుండ్రమవుతుంది. సముద్రం మీద చల్లగాలి, వెచ్చని గాలి పొరలు పొరలుగా ఉన్న రోజుల్లో అంచులు రంపపు పళ్ళలాగ చిరిగినట్లు కనిపించడం కూడా ఇందువల్లనే.

దీనికి ఫలితంగా మరొక తేడా వస్తుంది, అది మీ పాఠంలో తప్పకుండా ఉండి ఉంటుంది. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో పగలూ రాత్రీ సమానమంటారు. బరంపురంలో ఆ రోజుల్లో వేళలు రాయించి చూడండి, పగలు 12 గంటల 7 నిమిషాలు వస్తుంది. సూర్యుని నడిబొడ్డు దిగంతాన్ని తాకడాన్ని కాక, పై అంచు కనబడడాన్నే సూర్యోదయమని లెక్కిస్తారు; అది ఒక 16 కళలు. గాలి ఎత్తుడు 34 కళలు. మొత్తం 50 కళలు. మన అక్షాంశంలో సూర్యుడు నిమిషానికి సుమారు 14 కళలు పైకి వస్తాడు, కాబట్టి ఉదయం మూడున్నర నిమిషాలు, సాయంత్రం మూడున్నర నిమిషాలు కలిసివస్తాయి. పగలూ రాత్రీ నిజంగా సమానమయ్యేది మార్చిలో ఇంచుమించు వారం రోజుల ముందే.

రంగు సంగతి మీరు అడగలేదు గాని పిల్లలు అడుగుతారు. దిగంతం నుండి వచ్చే వెలుగు నడినెత్తి నుండి వచ్చేదానికంటె దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. నీలి వెలుగు ఎరుపు కంటె నాలుగు రెట్లకు పైగా చెదిరిపోతుంది కాబట్టి దారిలోనే పోయి, ఎరుపు మిగులుతుంది. చూసేటప్పుడు ఒక జాగ్రత్త: బింబం కుంకుమరంగు వీడి పసుపు తిరిగిన తరువాత ఎవరూ నేరుగా చూడకూడదని, ఎర్రగా ఉన్నప్పుడు కూడా కళ్ళప్పగించి చూడవద్దని గట్టిగా చెప్పండి.

బరంపురం ఉపాధ్యాయిని

మీ అందరి సమాధానాలనూ తెల్లకాగితాల మీద రాయించి తరగతి గోడకు అంటించాను. చెంబులో బిళ్ళ ప్రయోగాన్ని ప్రతి పిల్లవాడూ రెండేసి సార్లు చూశాడు. నీళ్ళు పోస్తున్నప్పుడు బిళ్ళ లేచిన క్షణాన అందరూ ఒక్కసారిగా ముందుకు వంగడంతో, కదిలితే లెక్క పోతుందని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. చిన్నమ్మగారికి ఫోను చేసి రెండు ఊళ్లలోనూ ఒకే రోజున వేళ రాసి చూశాము. ఆమెది మేడ కాదు, తూర్పున చెట్లు ఉన్నాయి, అందువల్ల ఇరవై మూడు నిమిషాల తేడా వచ్చింది. చెట్లకు ఎంత, రేఖాంశానికి ఎంత అన్నది విడదీయమని పిల్లలకే ఇచ్చాను.

కడ్డీ కూడా పాతించాము. జనవరి 26న జెండా వందనం తరువాత పిల్లలు వెళ్ళిపోకుండా దాని చుట్టూ కూర్చుని, రెండు నిమిషాలకొకసారి నీడ కొసకు సుద్దముక్కతో చుక్క పెట్టారు. అతి పొట్టి నీడ 12.02కూ 12.04కూ నడుమ పడింది. మా ఊరు ప్రామాణిక రేఖకు 2.3 డిగ్రీల తూర్పున ఉన్నది కనుక మాకు మధ్యాహ్నం తొమ్మిది నిమిషాలు ముందు రావాలి, కాల సమీకరణం పన్నెండున్నర నిమిషాలు వెనక్కు లాగుతున్నది, కాబట్టి 12.03 రావాలని ప్రశ్న అడిగిన అమ్మాయి ముందు రోజే లెక్క వేసి మడిచి నాకు ఇచ్చిన కాగితంలో ఉన్నది. ఆమే ఇప్పుడు ఫిబ్రవరి 11కు 12.05 అని, నవంబరు 3కు 11.34 అని గోడ మీద రాసి పెట్టింది. నవంబరు నాటికి ఈ పిల్లలు పదో తరగతిలో ఉంటారు, ఆ రోజు నీడ కొలవడానికి తిరిగి నా తరగతికే వస్తామన్నారు.